నేతింట్లో పెంపుడు ఎలుకకు తగిన పంజరం

పెంపుడు ఎలుక అనగా ఇంటి దూలాల మీద పరుగెత్తే ఎలుకను పట్టి మచ్చిక చేసినది కాదు. తెల్లగానో, తెలుపు నలుపు కలిసిన రంగులోనో కనబడే ఈ ఎలుకలు రాటస్ నార్వెజికస్ అనే గోధుమరంగు ఎలుక జాతికి చెందినవి. మనుషుల పెంపకంలో తరతరాలుగా ఉండి సాధువులైనవి. విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో జాక్ బ్లాక్ అనే ఎలుకలు పట్టేవాడు వింత రంగుల ఎలుకలను చంపక దాచి, పెంచి అమ్మేవాడు. 1901లో ఇంగ్లండులోని ఐల్స్‌బరీ ప్రదర్శనలో తొలిసారి వీటికి స్థానం దొరికింది. ప్రయోగశాలలలోని తెల్ల ఎలుకలు కూడా ఈ జాతివే. కూనూరులో 1918లో మెక్‌కారిసన్ ప్రారంభించిన పోషకాహార పరిశోధనలో ఎలుకలు పెద్ద పాత్ర వహించాయి. ఆ సంస్థయే 1958లో హైదరాబాదుకు తరలి, తరువాత జాతీయ పోషకాహార సంస్థగా వెలసింది.

అమ్మేచోట తెల్ల చిట్టెలుకను, తెల్ల ఎలుకను ఒకే పేరుతో అమ్మడం కద్దు. పిల్లలుగా ఉన్నప్పుడు రెండూ ఒకలాగే కనబడతాయి. ఎదిగిన చిట్టెలుక బరువు 20 నుండి 40 గ్రాములు. ఎదిగిన ఎలుక 250 నుండి 500 గ్రాములు, తోక విడిచి జానెడు పొడవు. ఎలుకపిల్లకు పాదం, తల ఒంటికి మించి పెద్దవిగా ఉంటాయి. ఈ తేడా తెలియక కొన్నవారు చిట్టెలుక పెట్టెలో ఎలుకను పెంచవలసి వచ్చి రెండు నెలలకే ఇబ్బంది పడతారు.

షోలాపూర్ నేతవాడల్లో ఈ విషయం మరికొంత చిక్కైనది. తెలంగాణ జిల్లాల నుండి తరలివెళ్ళిన పద్మశాలీల ఇళ్ళు, మరమగ్గాల షెడ్లు ఒకదాని నొకటి ఆనుకొని ఉండే పూర్వభాగ్‌లో ఎలుకకు మొదటి నుండీ శత్రువనే పేరు. పడుగుకు పట్టించిన గంజి వాసనకు ఎలుకలు చేరి నూలును కొరుకుతాయి. ఒక్క రాత్రిలో అతుకులతో పూడ్చలేని నష్టం కలుగుతుంది. పెద్దల భయానికి వేరొక కారణమూ కలదు. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు ఆ రాజధాని ప్రాంతమంతటా పాకింది. షోలాపూర్ అప్పుడు ఆ పాలనలోనిదే. 1994లో మరాఠ్వాడాలోని బీడ్ జిల్లాలోను, సూరత్‌లోను ప్లేగు వార్తలు వచ్చినప్పుడు ఎలుక పేరెత్తితేనే జనం హడలిపోయారు. కాబట్టి అమ్మమ్మ తెల్ల ఎలుకను ఇంట్లోకి రానివ్వనంటే ఆమె మాటను మూఢనమ్మకమని కొట్టివేయడం తగదు. పెంపకంలో పుట్టిన ఎలుక వేరు, కాలువ ఎలుక వేరు. అయితే ఆ రెండూ కలుసుకోకుండా చూచేది పంజరమే. ఈ సంగతి పెద్దలకు చూపించగలిగితే సగం అభ్యంతరం తీరుతుంది.

బోను కాదు, చిలక పంజరం కాదు

మరాఠీలో ఎలుకను పట్టేదీ, చిలకను ఉంచేదీ కూడా పింజరాయే. తెలుగులో బోను వేరు, పంజరం వేరు. చిత్రమేమంటే పెంపుడు ఎలుకకు ఈ రెండూ పనికిరావు. బోను ఒక రాత్రికి ఉద్దేశించినది. చిలక పంజరం ఎత్తుగా ఉంటుంది కాని నేల తక్కువ. ఎలుకకు ఎక్కడానికి ఎత్తు, పరుగెత్తడానికి నేల రెండూ కావాలి.

కొలత తేలిక లెక్క. ఒక్కొక్క ఎలుకకు కనీసం 2 ఘనపుటడుగుల చోటు ఉండాలని పెంపకందార్లు లెక్కిస్తారు. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు గల చిలక పంజరం ఒకటిన్నర ఘనపుటడుగులే. అది ఒక్క ఎలుకకూ చాలదు. రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉంటే ఏడున్నర ఘనపుటడుగులవుతుంది. అందులో రెండు ఎలుకలు సుఖంగా, మూడు సర్దుకొని ఉంటాయి. ఎలుక గుంపు జీవి. ఒంటరిగా ఉంచితే దిగులుపడుతుంది. కనుక జతకు సరిపడే పంజరమే కనీస పంజరమని గ్రహించాలి.

ఆ జత ఒకే లింగానికి చెందినదై ఉండటం అత్యవసరం. ఎలుకలు పుట్టిన ఐదారు వారాలకే పిల్లలను కనే వయసుకు వస్తాయి. గర్భకాలం 21 నుండి 23 రోజులు. ఈతకు 6 నుండి 12 పిల్లలు సాధారణం. ఆడ మగ కలిపి ఒక పంజరంలో వదిలిన కుటుంబం మూడు నెలలు తిరగకముందే పంజరాల లెక్క మరచి పిల్లల లెక్కలో పడుతుంది.

సందు, అడుగు, తలుపు

తల దూరితే ఒళ్ళు దూరుతుందనేది ఎలుక విషయంలో అక్షరాలా నిజం. కడ్డీల మధ్య సందు 12 మిల్లీమీటర్లకు మించరాదు. ఇంట్లో పిల్లల వద్ద కొలబద్ద లేకపోతే రెండు పెన్సిళ్ళను పక్కపక్కన పెట్టి సందులో దూర్చి చూడవచ్చు. అవి సులువుగా దూరితే ఆ పంజరం ఎలుకపిల్లకు తగదు. పెద్ద చిలకల పంజరాల్లో సందు తరచు దీనికి మించి ఉంటుంది. వెల్డింగు షాపులో చేయించుకొనేవారు అరంగుళం జాలీ అడగాలి. దాని కన్ను 12.7 మిల్లీమీటర్లు, ఎదిగిన ఎలుకకు చాలు. చిన్నపిల్లలను తెచ్చినట్లయితే మొదటి కొన్ని వారాలు లోపలివైపు కిందిభాగంలో అంతకన్న సన్నని జాలీ బిగించడం మంచిది. జాలీ కోసిన అంచులు లోపలికి పొడుచుకొని ఉండకుండా ఆకురాయితో అరగదీయించాలి. షాపులవారు ఈ పనిని తరచు మరచిపోతారు.

కర్ర చట్రం, వెదురు బుట్ట, పలుచని ప్లాస్టిక్కు దేనికీ కొరగావు. ఎలుక ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, సంవత్సరానికి 10 సెంటీమీటర్లకు పైగా. వాటిని అరగదీసుకోవడానికి అది దేనినో ఒకదాన్ని కొరకక తప్పదు. గాల్వనైజు తీగ మూత్రపు వాసనను పట్టి ఉంచుతుంది. పౌడర్ పూత పూసిన ఇనుము కడగడానికి అనువైనది.

అడుగు మాత్రం జాలీగా ఉండకూడదు. కింద పడినవన్నీ రాలిపోయి శుభ్రంగా ఉంటుందని చాలామంది జాలీ అడుగునే కోరతారు. తీగల మీద రోజుల తరబడి నడిచిన ఎలుకకు అరికాలిలో పుండు పడుతుంది. అది మానడం బహు కష్టం. రేకు పళ్ళెం వేసి దాని మీద మిగిలిపోయిన టైలు ముక్కలు పరిస్తే కడగడం సులభం, ఎండాకాలంలో చల్లగా కూడా ఉంటుంది.

తలుపు రెండు చేతులు పట్టేటంత ఉండాలి. చిన్న తలుపులోంచి ఒక చేతితో లాగబోతే ఎలుక బెదిరి కరుస్తుంది. పైకెత్తే తలుపును ఎలుక ముక్కుతో ఎత్తగలదు. కాబట్టి స్ప్రింగు కొక్కెం వేయడం శ్రేయస్కరం.

గాజు తొట్టి కొని పైన జాలీ మూత పెట్టేవారూ కలరు. చేపలకు అది చక్కని ఇల్లే. ఎలుకకు కాదు. మూత్రం నుండి వెలువడే అమ్మోనియా గాలి ఆడక లోపలే నిలిచి దాని ఊపిరితిత్తులను దెబ్బ తీస్తుంది. ఎలుకల్లో మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి వలన వచ్చే శ్వాసరోగం అతి సాధారణం. గాలి ఆడని చోట అది ముదురుతుంది. తుమ్ములు, ఊపిరిలో గురగుర, కళ్ళ చుట్టూ ఎర్రని స్రావం దాని గుర్తులు. ఆ ఎరుపు రక్తం కాదు.

నూలు పెట్టరాదు

నేతింటి పిల్లలు పంజరంలో మొట్టమొదట వేసేది చిక్కుపడిన నూలు, దూది. మగ్గం దగ్గర అది ఊరికే దొరుకుతుంది, మెత్తగానూ ఉంటుంది. ఎలుక కూడా దాన్ని సంతోషంగా పోగు చేసుకొని గూడు కడుతుంది. ప్రమాదం అక్కడే. పోగు కాలికి చుట్టుకొని బిగిస్తే కాలికి రక్తప్రసారం ఆగిపోతుంది. ఎలుక పెనుగులాడిన కొద్దీ పోగు ఇంకా బిగుస్తుంది. తెల్లవారి చూసేసరికి పాదం వాచి నల్లబడి ఉంటుంది. పుట్టి పది రోజులైన పిల్లలకైతే ప్రాణమే పోవచ్చు. మగ్గం మీద గట్టితనమే నూలుకు గుణం. పంజరంలో అదే దోషం.

షోలాపూర్‌కు పేరు తెచ్చి, భౌగోళిక గుర్తింపు పొందిన రెండు వస్తువుల విషయంలోనూ కొంత జాగ్రత్త అవసరం. టెర్రీ తువాలు ముక్కను ఉయ్యాలగా కడితే దాని ఉచ్చులలో ఎలుక గోళ్ళు చిక్కుకుంటాయి. చద్దరు ముక్క కొంత నయం, కాని అంచు కుట్టకుండా వేస్తే పోగులు ఊడి వస్తాయి. అన్నిటికన్న పాత మెత్తని పంచె గుడ్డ, నాలుగు అంచులూ మడిచి కుట్టినది, మేలు. కొరికి చిల్లులు పడగానే తీసివేయాలి.

పరుపుగా వార్తాపత్రికను సన్నగా చింపి వేయవచ్చు. రంపపు పొట్టులో, ముఖ్యంగా దేవదారు, పైను పొట్టులో ఊపిరికి హాని చేసే వాసన ద్రవ్యాలు ఉంటాయి. వరి ఊక దుమ్ము రేపుతుంది. తడిసిన కాగితాన్ని ప్రతిదినం, మొత్తం పరుపును వారానికి ఒకసారి మార్చి, పళ్ళేన్ని సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి.

పంజరం ఎక్కడ ఉంచాలి

మరమగ్గాల షెడ్డులో చప్పుడు 90 డెసిబెళ్ళు దాటడం మామూలే. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ వరకే వినబడుతుంది. ఎలుక 80 కిలోహెర్ట్జ్ వరకు వింటుంది. మనకు వినిపించని ఇనుప కీచు కూడా దాని చెవిన పడుతూనే ఉంటుంది. దానికి తోడు గాలిలో ఎగిరే పత్తి నూగు. పగలంతా నిద్రపోవలసిన జీవికి షెడ్డు నివాసయోగ్యం కాదు. మగ్గమూ మనుషులూ ఒకే గదిలో ఉండే ఇంట్లో, పంజరానికి వేరే చోటు లేనప్పుడు, ఎంత మంచి పంజరమైనా వృథాయే. ఆ ఇంటివారు ఎలుకను తేకపోవడమే దానికి చేసే మేలు. పిల్లలకు ఈ మాట చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి.

వేడి మరొక శత్రువు. ఏప్రిల్, మే నెలల్లో షోలాపూర్‌లో 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కప్పు కింద ఇంకా ఎక్కువ. ఎలుకకు మనలా చెమట పట్టదు. కొంత వేడిని తోక ద్వారా వదులుతుంది, ఉమ్మిని వెంట్రుకలకు పూసుకొని కొంత చల్లబడుతుంది. 20 నుండి 24 డిగ్రీలు దానికి హాయి. 30 దాటితే కనిపెట్టి ఉండాలి. పంజరాన్ని కప్పుకు దగ్గరగా అటక మీద కాక, మెట్ట గోడ నీడలో బల్ల మీద ఉంచడం మేలు. లోపల ఒక మట్టి కుండను అడ్డంగా పడుకోబెడితే దాక్కోవడానికి గూడు, పడుకోవడానికి చల్లదనం రెండూ దొరుకుతాయి. కుండ వాసన పట్టగానే కొత్తది పెట్టవచ్చు, ఖర్చు స్వల్పం. నీటి సీసాలు రెండు కట్టాలి, ఒకటి కారిపోయినా రెండవది ఉంటుంది. ఎలుక బారుగా చాచుకొని కదలక పడి, నోటి నుండి చొంగ కారుస్తుంటే అది వడదెబ్బ. చల్లని (ఐసు వేయని) నీటితో తడిపిన గుడ్డ తోకకు, పాదాలకు తాకిస్తూ పశువైద్యుని వద్దకు చేర్చాలి.

బల్ల గోడకు జానెడు ఎడంగా ఉండటం అవసరం. రాలిన గింజల కోసం ఇంటి ఎలుకలు వచ్చి, జాలీ మీద మూత్రం వదిలితే వాటి రోగాలు లోపలివాటికి, వాటి నుండి పిల్లలకు సంక్రమించగలవు. లెప్టోస్పైరోసిస్ అలా మూత్రం ద్వారా వచ్చేదే. ఇంట్లో ఎలుకల మందు పెట్టే అలవాటు ఉంటే, ఆ మందు ఉన్న గదిలో పంజరం ఉండరాదు. సరిహద్దు పల్లెల్లో పాము భయం కూడా లెక్కలోనిదే. ఎలుక వాసనకు పాము వస్తుంది. అరంగుళం కన్నులో సన్నని పాము దూరగలదు. కనుక పంజరాన్ని వరండాలోనో పశువుల కొట్టంలోనో రాత్రివేళ విడిచిపెట్టకూడదు.

ఐదేళ్ళ లోపు పిల్లలు పంజరంలో చేయి పెట్టకుండా చూడాలి. పట్టుకొన్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. కరిస్తే గాయాన్ని సబ్బునీటితో బాగా కడిగి వైద్యునికి చూపించాలి. కొద్ది రోజుల్లోనో, రెండు మూడు వారాలకో జ్వరం, కీళ్ళ నొప్పులు, దద్దుర్లు కనబడితే ఎలుక కరిచిన సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. ఎలుకకాటు జ్వరానికి మందు ఉంది. చెప్పకపోతే వైద్యుడు దాన్ని మామూలు జ్వరమనుకొనే అవకాశం కలదు.

చట్టం సంగతి కొందరికి ఆశ్చర్యం కలిగించవచ్చు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, కదలడానికి తగిన ఎత్తు, పొడవు, వెడల్పు లేని పంజరంలో జంతువును ఉంచడం నేరం. చిలకకూ, కుక్కకూ వర్తించినట్లే ఎలుకకూ ఇది వర్తిస్తుంది. పెంపుడు జంతువుల దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలని 2018 నియమాలు చెబుతున్నాయి. కొనేవారు నమోదు పత్రం చూపమని అడగవచ్చు.

పెంపుడు ఎలుక ఆయుర్దాయం రెండు మూడేళ్ళు. పంజరం దానికన్న ఎక్కువ కాలం మన్నుతుంది. కొత్త జతను తెచ్చే ముందు పాత పంజరాన్ని బ్లీచింగు కలిపిన నీటితో కడిగి, మంచినీటితో మళ్ళీ కడిగి, రెండు మూడు రోజులు ఎండలో ఆరవేయాలి. మట్టి కుండ, గుడ్డ ఉయ్యాల, కర్ర ముక్కలు పారవేయాలి. కొక్కేలు వదులయ్యాయేమో, జాలీ ఎక్కడైనా ఊడిందేమో పెన్సిళ్ళతో మరొకసారి చూసుకోవాలి.