పొద్దున ఆరింటి షిఫ్టు వచ్చేలోగా

శనివారం రాత్రి పదిన్నర. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక మాత్రల ఫ్యాక్టరీ. రెండో షిఫ్టు వాళ్లను ఎక్కించుకుని బస్సులు ఇప్పుడే గేటు దాటాయి. ఈ రాత్రి పని లేదు. ఎగుమతి ఆర్డరు ఉంది కాబట్టి ఆదివారమైనా పొద్దున ఆరింటికల్లా మొదటి షిఫ్టు వచ్చేస్తుంది. మీ చేతిలో ఉన్నది ఏడున్నర గంటలు.

సర్వర్ గది తలుపు తీస్తారు. ఏసీ చలి మెడ మీద కొడుతుంది. ర్యాకులో నల్లటి పెట్టె, దాని మీద ఆకుపచ్చ దీపం. పూర్వం ఊరికి కరణం ఎంతో ఈ ఫ్యాక్టరీకి ఆ పెట్టె అంత. ఎవరు మనవాళ్లు, ఏ కంప్యూటర్ మనది, ఏ ఫోల్డర్ ఎవరు తెరవొచ్చు, లెక్కంతా దాని దగ్గరే. పొద్దున మీరు పాస్‌వర్డ్ కొట్టగానే మీ పీసీ వెళ్లి అడిగేది దాన్నే. మీ పీసీ గడియారానికీ దాని గడియారానికీ అయిదు నిమిషాలకు మించి తేడా వచ్చినా ఒప్పుకోదు. 2000లో విండోస్ 2000తో పాటు వచ్చిన యాక్టివ్ డైరెక్టరీ పద్ధతి ఇది. పాతికేళ్లుగా నడుస్తోంది.

నడుస్తున్నదాన్ని కదపడం ఎందుకు?

గోడకు మీరే అంటించిన రెండు ప్రింటవుట్లు చూడండి. ఒకటి నార్వేకు చెందిన అల్యూమినియం కంపెనీ నార్స్క్ హైడ్రోది, 2019 మార్చి 19 నాటిది. కంప్యూటర్లు నెట్‌వర్క్‌కు కలపొద్దని తలుపుల మీద కాగితాలు అంటించుకోవాల్సి వచ్చింది. 35,000 మంది ఉద్యోగులున్న సంస్థ ఒక్క పూటలో కలం, కాగితం పట్టింది. లోపలికి చొరబడ్డవాళ్లు ఇలాంటి డైరెక్టరీనే చేజిక్కించుకుని, దాని అధికారంతోనే ప్లాంటు ప్లాంటుకూ రాన్సమ్‌వేర్ పంపారు. రెండోది 2017 జూన్‌లో మేర్స్క్ షిప్పింగ్ కంపెనీ మీద జరిగిన సైబర్ దాడిది. ఇలాంటి సర్వర్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఘనాలో ఒక్కటి మిగిలింది, అదీ ఆ సమయానికి అక్కడ కరెంటు పోవడం వల్ల. దాంతోనే మిగతావన్నీ మళ్లీ లేపారు.

మీ ప్లాంటులో ఈ పెట్టెకు కాపలా ఇద్దరే. మీరూ, నిరుడు చేరిన కుర్రాడూ.

అందుకే మనుషుల లెక్క మైక్రోసాఫ్ట్ తన క్లౌడ్‌లో నడిపే ఎంట్రా ఐడీకి, కంప్యూటర్ల పగ్గాలు ఇంట్యూన్‌కు పోతున్నాయి. పేర్లు, ఖాతాలు కొన్ని నెలలుగా అరగంటకోసారి అక్కడికి నకలవుతూనే ఉన్నాయి. ఆఫీసు వాళ్ల లాప్‌టాప్‌లు మారిపోయాయి. ఈ రాత్రికి మిగిలింది ప్యాకింగ్ హాలు.

హాల్లోకి పోవాలంటే ముందు గౌన్ వేసుకోవాలి. జుట్టుకు టోపీ, మూతికి మాస్కు, చేతులకు గ్లవ్స్, బూట్లకు కవర్లు. ఫోన్ లాకర్లో పెట్టేయండి.

ఒక్క నిమిషం ఆగండి. ఫోన్ లాకర్లో ఉంటే లాగిన్ ఎలా అవుతారు?

ఆఫీసు వాళ్లకు తెర మీద రెండంకెలు కనపడతాయి, వాటిని ఫోన్‌లో కొట్టి లోపలికి పోతారు. ఇక్కడ ఫోన్ నిషేధం. వేలిముద్ర పెడదామంటే గ్లవ్స్. ముఖం చూపిద్దామంటే మాస్కు. అందరికీ కలిపి ఒకే లాగిన్ ఇచ్చేద్దామా? అమెరికాకు మందులు పంపే ఫ్యాక్టరీ ఇది. వాళ్ల ఎఫ్‌డీఏ నియమం, పార్ట్ 11, ప్రతి ఎలక్ట్రానిక్ సంతకం ఒక్క మనిషిదే అయి ఉండాలంటుంది. అందరూ ఒకే పేరుతో దూరితే ఆ బ్యాచ్ రికార్డును తనిఖీకి వచ్చినవాళ్లు నమ్మరు.

కాబట్టి ఒక్కొక్కరికీ వేలెడంత యూఎస్‌బీ తాళంచెవి. గుచ్చాలి, పిన్ కొట్టాలి, దాన్ని ఒకసారి తాకాలి, అంతే. పోయిన వారం వాటిని పంచుతుంటే బ్లిస్టర్ లైన్‌లో పనిచేసే పెద్దావిడ దాన్ని అరచేతిలో తిప్పి చూసి అడిగింది: “ఇది పోతే జీతంల కోస్తరా సార్?”

“కొయ్యరమ్మా. పోతే వెంటనే చెప్పు చాలు. దాన్ని ఆపేసి ఇంకోటిస్తాం.”

ఇన్ని మీటింగుల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. జీతం పోతుందనే భయం ఉంటే పోయిన తాళంచెవి సంగతి వారం దాకా బయటికి రాదు. ఆ వారం అది ఎవరి చేతిలో ఉంటుందో ఎవరికి తెలుసు? ఇలాంటి పని మొదలెట్టేవాళ్లు ముందు ఇలాంటి వాళ్ల దగ్గరికి పోవాలి. డైరెక్టర్ల లాప్‌టాప్‌లు ఒక నెల ఆగినా ఏం కాదు.

బ్లిస్టర్ లైన్ మొదటి పీసీ. స్టీలు పెట్టెలో ఉంది. తుడిచిన స్పిరిట్ వాసన ఇంకా పోలేదు. రెండు దార్లున్నాయి. ఉన్న పీసీని ఉన్నట్టే పాత డైరెక్టరీ నుంచి ఊడదీసి కొత్తదానికి తగిలించే టూల్స్ దొరుకుతాయి. పని త్వరగా అవుతుంది, కానీ పాత సెట్టింగుల మురికి అడుగున ఉండిపోతుంది. రెండోది, మొత్తం చెరిపి మొదటి నుంచి ఎక్కించడం. మీరు చెరపడమే ఎంచుకుంటారు. బటన్ నొక్కుతారు. తెర నల్లబడుతుంది. గుండె ఒక్కసారి ఆగినట్టవుతుంది. కాసేపటికి కంపెనీ పేరుతో స్వాగతం. ఇంట్యూన్ ఒక్కొక్క సాఫ్ట్‌వేరే దించుతోంది. తర్వాతి పీసీకి నడవండి.

రాత్రి రెండు గంటలు. పీసీలన్నీ ఎక్కాయి. ఇక చివరి మెట్టు: కంపెనీ నియమాలకు లోబడిన పరికరం నుంచి తప్ప ఈఆర్పీ (బ్యాచ్ లెక్కలుండే సాఫ్ట్‌వేర్), అడ్మిన్ పేజీలు ఎవరికీ తెరుచుకోకూడదనే పాలసీ. ఇన్నాళ్లూ అది ఎవరినీ ఆపకుండా రిపోర్టు మాత్రం ఇచ్చేది. రిపోర్టు శుభ్రంగానే కనిపిస్తోంది.

“సార్, ఆన్ చేసేద్దామా?” అంటాడు కుర్రాడు.

సోమవారం దాకా ఆగొచ్చు. కానీ సోమవారం హాలు నిండా మనుషులుంటారు. ఏదైనా చెడితే ఇప్పుడే చెడాలి. ఆన్ చేస్తారు.

ఇంటర్‌కమ్ మోగుతుంది. పరీక్షించడానికి ఉండిపోయిన సూపర్‌వైజర్.

“అన్నా, ఈఆర్పీ తెరుచుకుంటలేదు.”

“ఏ పీసీలో?”

“ఒక్కదాంట్ల కూడ తెరుచుకుంటలేదు.”

మీ లాప్‌టాప్‌లో ఇంకో ట్యాబ్ తెరుస్తారు. ఇక్కడి నుంచి మీరు అక్కడికి వెళ్లలేరు, అంటుంది తెర.

మీరూ బయటే.

చెమట. ఈ చలిలో చెమట.

పాత ట్యాబ్‌లో అడ్మిన్ పేజీ ఇంకా తెరిచే ఉంది. మూయకండి. ముందే తీసుకున్న అనుమతి గంట, గంటన్నర బతుకుతుంది. మెల్లగా పాలసీ మీద నొక్కుతారు. తిరుగుతోంది. తిరుగుతోంది. మళ్లీ లాగిన్ అడిగింది.

కొట్టారు.

తిరస్కరించింది.

ఇంకా నాలుగు గంటలుంది. ఆలోచించండి. పరుగెత్తకండి.

అత్యవసర ఖాతా. ఇలాంటి రాత్రి కోసమే పెట్టిన ఖాతా, ఈ పాలసీ దానికి వర్తించదు. 2024 నుంచి అడ్మిన్ పేజీలకు పాస్‌వర్డ్ ఒక్కటే చాలదని మైక్రోసాఫ్ట్ పట్టు పట్టింది కాబట్టి, దానికీ ఒక యూఎస్‌బీ తాళంచెవి ఉంది. సీలు వేసిన కవర్లో. మెయిన్ గేటు సెక్యూరిటీ గది బీరువాలో.

నడుస్తారు. నడక పరుగవుతుంది.

“సార్, రిజిస్టర్ల సంతకం పెట్టున్రి,” అంటాడు గార్డు. పెడతారు. టైం రాయమంటాడు. రాస్తారు. అతను చేస్తున్నది సరైన పని. చెయ్యి మాత్రం వణుకుతోంది.

సీలు చింపుతారు. తాళంచెవి గుచ్చుతారు. పిన్.

లోపలికి వచ్చేశారు.

పాలసీని మళ్లీ రిపోర్టు మోడ్‌కు తిప్పుతారు. సూపర్‌వైజర్ గొంతు: “వచ్చిందన్నా.”

ఇప్పుడు కారణం వెతకండి. ప్రతి పీసీ డిస్కు బిట్‌లాకర్‌తో తాళం పడి ఉండాలన్నది నియమం. తాళాలు పడ్డాయి. కానీ ఆ సంగతిని విండోస్ కొలిచేది పీసీ బూట్ అయ్యే సమయంలో. తాళం పడ్డాక ఏ పీసీనీ మీరు రీస్టార్ట్ చేయలేదు. సాయంత్రం కొత్తగా తీసుకున్న మీ లాప్‌టాప్‌ది కూడా అదే కథ. రిపోర్టు శుభ్రంగా ఉండటానికి కారణం, ఈ పీసీలు ఇంకా అందులోకి చేరనే లేదు.

అన్నీ రీస్టార్ట్ చేయండి. ఒక్కొక్కటే పచ్చ టిక్కు పడుతుంది. ఈసారి పాలసీని ఒక్క లైనుకే ఆన్ చేస్తారు. తెరుచుకుంది. తర్వాత రెండో లైను.

నాలుగూ నలభై. పాత సర్వర్ కేబుల్ పీకి చూస్తారు. లేబుల్ ప్రింటర్ ఆగిపోయింది. అది ఏ ఖాతాతో నడుస్తోందో ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు. ఎప్పుడో మానేసిన ఉద్యోగి పెట్టిన ఖాతా, ఈ పెట్టెలో మాత్రమే బతికుంది. తూకం గది పీసీ కూడా మూగబోయింది. అందులో విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. దాన్ని మార్చాలంటే తూకం మిషన్ వ్యాలిడేషన్ అంతా మళ్లీ చేయాలి.

గంటలో తేలే పని కాదు. కేబుల్ తిరిగి పెడతారు. కానీ పాత చోట కాదు. ఆ పెట్టె, ప్రింటర్, తూకం పీసీ, మూడింటినీ ఇంటర్నెట్ తగలని వేరే నెట్‌వర్క్‌లోకి నెడతారు. టెస్టు లేబుల్ బయటికొస్తుంది. తూకం పీసీ పలుకుతుంది.

అయిదూ యాభై. బస్సు హారన్. చెప్పులు విప్పే చప్పుడు, లాకర్ తలుపులు. మీరు ఒక లైను పక్కనే నిలబడతారు. ఒక తాళంచెవి గుచ్చుకుంటుంది. గ్లవ్స్ వేళ్లతో పిన్. మొదటిసారి తప్పు పడుతుంది, రెండోసారి సరిగ్గా పడుతుంది. ఈఆర్పీ తెరుచుకుంటుంది, బ్యాచ్ నంబర్ వస్తుంది, లైను కదులుతుంది.

ఇంటర్‌కమ్ మళ్లీ మోగుతుంది. ఈసారి క్యూఏ మేడమ్.

“మార్పు ఫారంలో లేబుల్ ప్రింటర్ సంగతి లేదేంటి సార్?”

“రాత్రే బయటపడింది మేడమ్. ఇప్పుడే రాసిస్తాను.”

“ప్రింటరొక్కటేనా?”

“తూకం పీసీ కూడా. రెండూ రాస్తాను.”