చెట్టు కూడా అమానతే

మన తారీఖ్‌లో బాద్‌షాలకు, జంగ్‌లకు దొరికిన జాగా చెట్లకు దొరకలేదు. అయినా కొన్ని దరఖ్తులు తరతరాల జిందగీకి గవాహీలుగా నిలిచాయి.

కొవ్వూరు దగ్గర కుమారదేవంలో, గోదావరి గట్టున ఒక నిద్రగన్నేరు ఉండేది. దాని ఉమ్ర్ 150 ఏళ్లని ఊరి బుజుర్గులు చెబుతారు. ఎన్నో సినిమాల షూటింగులు దాని సాయాలోనే జరిగాయి. అందుకే ‘సినిమా చెట్టు’ అని పేరొచ్చింది. గోదావరి వరదల వేళ, 2024 ఆగస్టు 5న అది కూలిపోయింది. ఇంటి పెద్ద పోయినంత గమ్‌తో జనం చూడటానికి వచ్చారు. మళ్లీ చిగురింపజేయాలనే కోషిష్ కూడా మొదలైంది.

అసలు నిద్రగన్నేరు ఈ ముల్క్‌ది కాదు. దాని వతన్ అమెరికా ఖండంలోని మధ్య, దక్షిణ ప్రాంతాలు. సాయంత్రం కాగానే ఆకులు ముడుచుకుంటుంది కనుక మనవాళ్లు ఆ పేరు పెట్టారు. ముసాఫిర్‌లా వచ్చి, మన రోడ్లకు ఛత్రీ పట్టింది.

చెట్టు చేసిన ఎహ్సాన్ చూడాలంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ వెళ్లాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగేసింది. షాయర్ అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతురిని ఆ సైలాబ్‌లోనే పోగొట్టుకున్నారు. ఆ రోజు ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది జాన్ దక్కించుకున్నారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో దాన్ని నేటికీ ఇజ్జత్‌తో చూపిస్తారు.

మరి మన గల్లీల్లోని చెట్ల సంగతేమిటి? కుమారదేవం చెట్టును వరద పడగొట్టింది. పట్టణాల్లో ఆ పని ఇన్సాన్ చేస్తున్నాడు, అదీ చప్పుడు లేకుండా. ట్యూషన్ బోర్డులకు, రియల్ ఎస్టేట్ ప్రకటనలకు మేకులు దిగుతాయి. మొదలు చుట్టూ సిమెంటు పోస్తే వేళ్లకు నీరు, గాలి అందవు. చెత్త పోగుచేసి మొదట్లోనే నిప్పంటిస్తారు. దుకాణం కనబడటం లేదని కొందరు చుట్టూ బెరడు వలిచేస్తారు. ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు చేరే దారి ఆ బెరడులోనే ఉంది. అది తెగితే చెట్టు నెలల తరబడి నిలబడే చచ్చిపోతుంది. ఆ తర్వాత “ఎండిపోయింది, పడిపోతుంది” అంటూ గొడ్డలి తెస్తారు. ఖత్ల్ జరిగిందని ఎవరికీ తెలియదు, అందుకే తారీఖ్‌లోకీ ఎక్కదు.

కానూన్ లేక కాదు. మన రాష్ట్రంలో 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. దాని ప్రకారం చెట్టు కొట్టాలంటే ఇజాజత్ కావాలి, కొన్ని రకాలకే మినహాయింపు. ఇక మథుర-బృందావన్ ప్రాంతంలో 454 చెట్లు అక్రమంగా నరికిన కేసులో సుప్రీంకోర్టు 2025 మార్చిలో చెట్టుకు లక్ష రూపాయల జుర్మానాకు ఆమోదం తెలిపింది. పెద్ద సంఖ్యలో చెట్లను చంపడం మనిషిని చంపడం కన్నా ఘోరమని చెప్పింది.

మొక్క నాటడం సదఖా-ఎ-జారియా అని మన ఇళ్లలో పిల్లలకు చెబుతాం. తాతలు నాటింది కాపాడటం కూడా ఆ ఖాతాలోనిదే కదా! రాజమండ్రి ఎండల్లో రిక్షావాలా, పండ్ల బండివాలా, బడి పిల్లలు నిలబడేది ఆ సాయాలోనే. వరదను మనం ఆపలేం. మన గుమ్మం ముందు చెట్టుకు దిగిన మేకును పీకేయడం, మొదలు చుట్టూ పోసిన సిమెంటును పగలగొట్టి మట్టి కనబడేలా చేయడం మన చేతిలో పనే.