వాయిదాల ఖర్చుకు విద్యార్థుల నిధి: ఏది హక్కు, ఏది చందా

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. మొదటి తీర్పుకే 16 ఏళ్లు పట్టింది. ఘటన జరిగిన వారం హాస్టళ్లలో పోగైన డబ్బు అన్నేళ్లు రాదు. విద్యార్థుల నిధి వాయిదాలున్నంత కాలం నిలబడాలి.

ముందు హక్కుగా రావాల్సింది

1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. అట్రాసిటీ చట్టం సెక్షన్ 15ఏ ప్రకారం దర్యాప్తు, విచారణ సమయంలో బాధితులకు, సాక్షులకు ప్రయాణ, భోజన ఖర్చులు ప్రభుత్వమే ఇవ్వాలి. బాధితులు కోరితే పేరున్న సీనియర్ న్యాయవాదిని జిల్లా మేజిస్ట్రేట్ నియమించి ఫీజు చెల్లించే వీలు 1995 నియమాల్లో ఉంది. వీటన్నిటికీ రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, అందినట్టు రసీదు తీసుకోండి. ప్రభుత్వం ఇవ్వాల్సింది మనమే ఇచ్చేస్తే దాని బాధ్యత మరుగున పడుతుంది.

చందా దేనికి

సర్టిఫైడ్ కాపీలు, జిరాక్సులు, సుప్రీంకోర్టు కోసం తెలుగు కాగితాల ఇంగ్లీషు అనువాదం, నిజనిర్ధారణకు వెళ్లేవారి చార్జీలు. క్యాంపస్‌లలో కుల వివక్షపై రోహిత్ వేముల, పాయల్ తడ్వీల తల్లులు 2019లో సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ లాంటి వాటికీ ఇలాంటి ఖర్చులుంటాయి.

ఎలా నడపాలి

• ఒకేసారి పెద్ద మొత్తం కంటే నెలనెలా చిన్న మొత్తం మేలు. 100 మంది 20 రూపాయల చొప్పున ఇస్తే ఏడాదికి 24,000 అవుతుంది.
• డబ్బు ఒకరి సొంత ఖాతాలో ఉండకూడదు. ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతా తెరవాలి, ప్రతి నెలా లెక్క నోటీసు బోర్డుపై పెట్టాలి.
• విదేశాల్లో ఉన్న భారత పౌరులు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపొచ్చు. విదేశీ పౌరసత్వం తీసుకున్న తెలుగువారి డబ్బు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకుండా తీసుకోవద్దు.
• గెలిస్తేనే ఫీజు, పరిహారంలో వాటా అనే ఒప్పందాలు బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం.
• బాధిత కుటుంబం ఒప్పుకోకుండా వారి పేరు, ఫొటో కరపత్రంలో వేయొద్దు.

సీనియర్లు చదువు ముగించి వెళ్లిపోతారు, కేసు మిగులుతుంది. అందుకే వాయిదా తేదీలు, దరఖాస్తుల నకళ్లు, లెక్కల పుస్తకం ప్రతి ఏడాదీ జూనియర్ల చేతికి అప్పగించాలి.