అమెరికాను చదివిన విధము

మెదకు పట్టణమందలి పెద్ద చర్చిని చూడవచ్చినవారు, దానిని కట్టించిన పాస్నెట్ దొరగారు ఏ దేశస్థులని అడుగుట కద్దు. అమెరికావారని బదులు చెప్పువారును లేకపోలేదు. అది నిజము కాదు. 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన ఆ మందిరము బ్రిటిషు వెస్లియను మిషను వారిది. అమెరికా మిషనరీలు స్థిరపడినది కోస్తా జిల్లాలలో: 1840లో నెల్లూరున బాప్టిస్టులు, 1842లో గుంటూరున లూథరనులు. మన పల్లెలకు మాత్రము చాలకాలము తెల్లవారందరును దొరలే. ఏ దొర ఏ దేశపు వాడన్న విచారణ ఎవరికిని అక్కర లేకపోయెను.

ఆ దేశమును వేరుగా, పద్ధతిగా చదువవలెనను యత్నము మన ప్రాంతమున ఒక సంస్థగా రూపొందినది 1964లో. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున అమెరికన్ స్టడీస్ రిసర్చ్ సెంటర్ అను పేర అది వెలసినది. దాని కథ చెప్పుటకు ముందు, ఈ చదువు అమెరికాలోనే ఎట్లు పుట్టినదో కొంత చెప్పవలసియున్నది.

తమ దేశమును గురించి తాము చదువుకొనుట అమెరికనులకు సైతము ఆలస్యముగానే అలవడినది. ఈ శతాబ్దమునకు ముందటి శతాబ్దపు తొలి దశకములలో అచటి కళాశాలలలో అమెరికా సాహిత్యమనగా ఆంగ్ల సాహిత్యపు తోకగా భావింపబడుచుండెను. 1927లో పారింగ్టన్ అను ఆచార్యుడు కవులను, మతబోధకులను, రాజకీయవేత్తలను ఒక్క పందిరి క్రిందికి చేర్చి అమెరికా భావధారల చరిత్రను ప్రకటించెను; మరుసటి సంవత్సరమే దానికి పులిట్జరు బహుమానము లభించినది. పదేండ్లకు హార్వర్డు విశ్వవిద్యాలయమున చరిత్రశాఖ, సాహిత్యశాఖ చేయి కలిపి అమెరికా నాగరికతా చరిత్రకు ఒక పాఠక్రమమును ఏర్పరచినవి. ఆ త్రోవలో 1940లో మొట్టమొదట డాక్టరు పట్టము పొందిన హెన్రీ నాష్ స్మిత్, పశ్చిమపు బీడుభూములు అమెరికనుల ఊహలలో ఎట్లు స్వర్గముగా మారినవో 1950లో ఒక గ్రంథమున వివరించెను. చవుకబారు నవలలు, శాసనసభా ప్రసంగములు, 1862 నాటి భూవితరణ చట్టము, అన్నియు ఆయనకు సాక్ష్యములే. ఏ ఒక్క శాఖకు చెందిన పండితుడును ఆ పని చేసియుండడు. అయితే ఆ బీడుభూములు అంతకుముందే ఆదివాసుల సొత్తు అన్న సంగతి ఆ తరము పండితుల దృష్టికి తగినంతగా ఆనలేదు. ఆ లోపమును తరువాతి తరమువారు, ముఖ్యముగా 1960ల చివర నీగ్రోజాతి విద్యార్థుల ఆందోళన పిమ్మట వచ్చినవారు, ఎత్తి చూపిరి.

ఇక మన సంగతి. ఉస్మానియా ప్రాంగణమునకు ఈ గ్రంథములు వచ్చుటకు ఆధారమైనది గోధుమ యనిన శ్రోతలకు వింత తోచవచ్చును. 1954 నాటి అమెరికా చట్టము ననుసరించి, 1956 నుండి మన దేశమునకు వారి మిగులు ధాన్యము వచ్చుచుండెను. దాని వెల డాలర్లలో గాక రూపాయలలో చెల్లించి, ఆ రూపాయలను ఇచటనే ఉంచితిమి. కుప్పపడిన ఆ రూపాయలలో కొంత భాగము విద్యాకార్యములకు వెచ్చింపబడినది. ఉస్మానియాలోని కేంద్రమునకును ఆ ధనమే ఊతమైనది. బడిలో గోధుమనూక ఉప్మాయు, డబ్బాపాలును రుచి చూచిన తరమువారు మెదకులో నేటికిని కలరు. వారి పళ్లెములోనికి వచ్చినదియు, ఆ గ్రంథాలయపు బీరువాలలోనికి వచ్చినదియు ఒకే ఏటి రెండు కాలువలు.

అప్పుచేసి తెచ్చిన తిండికి అవమానము తప్పదు. 1966లో, వరుస కరవుల నడుమ, అధ్యక్షుడు జాన్సన్ ధాన్యపు ఓడలను నెలనెలకు తానే తూచి విడువ నారంభించెను. వియత్నాము యుద్ధమును మన ప్రభుత్వము విమర్శించుట ఆయనకు రుచింపలేదు. మరుసటి ఏడు అమెరికా గూఢచారిశాఖ కొన్ని సాంస్కృతిక సంస్థలకు చాటున ధనమిచ్చిన సంగతి బయటపడినది. అట్టి కాలమున అమెరికా ధనముతో అమెరికాను చదువుట ప్రచారమే కాదా యని పలువురు శంకించిరి. ఆ శంక న్యాయమైనదే యని మా అభిప్రాయము. కాని గ్రంథాలయమన్నది దానిని పెట్టినవాని చెప్పుచేతలలో ఎల్లకాలము ఉండదు. అమెరికాను అమెరికనులే దుయ్యబట్టిన గ్రంథములును ఆ బీరువాలకే వచ్చినవి. తమ కళాశాలలలో పట్టుమని పది అమెరికా గ్రంథములు లేని అధ్యాపకులు దేశము నలుమూలలనుండి వచ్చి, వారముల తరబడి అచటనే బసచేసి చదువుకొనిరి. లక్షను మించిన గ్రంథములతో అది ఆసియాలోనే పేరుగన్న సంగ్రహమైనది. యూటా విశ్వవిద్యాలయపు ఆచార్యులు విలియం మల్డర్ వంటివారు దానిని నడిపిరి. 1969 నుండి ఒక పరిశోధన పత్రికయు వెలువడినది.

పలు శాస్త్రములను కలిపి చదువుటవలన మనకేమి ప్రయోజనమని అడిగినచో, పత్తిని చూడుడని చెప్పుదుము. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలయినది. ఉత్తరమువారి నౌకలు దక్షిణపు రేవులను మూసివేసినవి. లాంకషైరు మిల్లులకు పత్తి కరవైనది. బొంబాయి బజారున మన పత్తికి వెల రివ్వున లేచినది. 1853లో నిజాము ఆంగ్లేయుల వశము చేసిన బేరారు నేలలు పత్తితో నిండినవి. 1865లో యుద్ధము ముగిసినది, వెల కూలినది, అప్పుచేసిన రైతు మునిగినాడు. ఇందు రేవుల దిగ్బంధము చరిత్ర, వెల అర్థశాస్త్రము, దక్షిణపు తోటలలో ఆ పత్తిని ఏరిన బానిస వ్రాసికొన్న ఆత్మకథ సాహిత్యము. ఏ ఒక్కటి విడిచినను బేరారు రైతు ఎందుకు మునిగెనో తెలియదు.

ఇచట ఒక చారిత్రక వైచిత్రి గలదు. 1918లో నెలకొన్న ఉస్మానియా, ప్రపంచశాస్త్రములను దేశభాషలో బోధింపబూనిన విశ్వవిద్యాలయము. అనువాదశాల నెలకొల్పి గ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినది. మెదకు జిల్లాలోని తెలుగు రైతుబిడ్డకు ఆ ఉర్దూ పరభాషయే. 1948 తరువాత ఉర్దూ స్థానమున ఆంగ్లము వచ్చినది. అమెరికా గ్రంథములును ఆంగ్లముననే వచ్చినవి. రెండుమార్లును తెలుగు వాకిటనే నిలిచినది. దక్షిణ భాషా పుస్తక సంస్థ 1955 నుండి, ఫోర్డు ఫౌండేషను సాయముతో, చవుక వెలకు తెలుగు పుస్తకములను ప్రచురించిన మాట నిజమే గాని, విశ్వవిద్యాలయపు చదువునకును దానికిని పొత్తు కుదరలేదు.

తెలుగు పాఠకుడు అమెరికాను నిజముగా చదివినది మరొక త్రోవను. అలెక్స్ హేలీ 1976లో ప్రకటించిన గ్రంథమును సహవాసి సంగ్రహముగా తెనిగింపగా, హైదరాబాద్ బుక్ ట్రస్టువారు ‘ఏడు తరాలు’ అను పేర 1980ల ఆరంభమున వెలువరించిరి. అది ముద్రణ వెంట ముద్రణ పొందినది. తాతతండ్రులు దొర గడీలో వెట్టి చేసిన ఇండ్లవారికి కుంటా కింటే పరాయివాడుగా తోచలేదు. ఈ సామ్యము కొత్తదియు కాదు. 1873లోనే మహాత్మా ఫూలే తన ‘గులామ్‌గిరి’ని బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చెను. 1946లో అంబేడ్కరు గారు నీగ్రో మేధావి డుబోయిస్‌కు లేఖ వ్రాసిరి. ఏ పాఠక్రమమును నిర్దేశింపకుండగనే, తమ బాధ పురికొల్పగా, చరిత్రను సాహిత్యమును సమాజశాస్త్రమును వారు కలిపి చదివిరి.

గోధుమ రూపాయల లెక్క 1974 ఫిబ్రవరిలో తేలినది. రాయబారి మోయినిహాన్ 1,664 కోట్ల రూపాయల చెక్కును భారత ప్రభుత్వమునకు అందజేసెను. న్యూయార్కు నగరపు జాతులను గురించి 1963లో నాథన్ గ్లేజరుతో కలిసి ప్రసిద్ధ గ్రంథము వ్రాసిన సమాజశాస్త్రజ్ఞుడును ఆయనయే. అమెరికాకు మిగిలిన రూపాయలతో కేంద్రము మరికొన్నాళ్లు సాగినది. ఆ ధనము అడుగంటిన పిదప దాని పేరు ఒకమారు ఇండో-అమెరికన్ కేంద్రమనియు, పిమ్మట ఉస్మానియా వారి అంతర్జాతీయ కార్యక్రమముల కేంద్రమనియు మారినది.

ఈ నడుమ 1965 అక్టోబరున అమెరికా తన వలసచట్టమును సడలించినది. 1977 నాటికి అచటి తెలుగువారు మహాసభ జరుపుకొనునంత మంది అయిరి. అటుతర్వాత మన యువకులలో అమెరికాను చదువువారు తగ్గి, అమెరికాలో చదువువారు పెరిగిరి. వారిలో అధికులు ఇంజనీర్లు. విమానమెక్కునాటికి ఆ దేశచరిత్ర ఒక్క పుట చదివినవారు అరుదు. మెదకునుండి ఉస్మానియా ప్రాంగణమునకు బస్సులో మూడుగంటల ప్రయాణము.