కారు అసలు ఖర్చు ఎక్కడ దాక్కుంది? అంబాసిడర్ నుంచి ఈఎంఐ దాకా మన మార్కాపురం లెక్క

మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు కుర్రాళ్ల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది: “అన్నా, ఎనిమిది లక్షల కారు. ఈఎంఐ పన్నెండున్నర వేలు. తీసుకోవచ్చా?” జవాబు చెప్పేముందు కొంచెం చరిత్ర చూద్దాం. ఎందుకంటే మన దేశంలో కారు మీద రాసిన ధర, దానికి మనం నిజంగా పెట్టే ఖర్చు ఎప్పుడూ ఒకటి కాలేదు.

ముందు మన ఊళ్ల సంగతి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మనం కర్నూలు జిల్లాలో ఉండేవాళ్లం. 1972లో ఆ కొత్త జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. జిల్లా మారింది కానీ దూరం తీరలేదు. మార్కాపురం నుంచి ఒంగోలు దాదాపు 100 కిలోమీటర్లు, గిద్దలూరు నుంచి ఇంకా ఎక్కువ. దశాబ్దాల పాటు కలెక్టరేటు పనైనా, పెద్దాసుపత్రైనా పొద్దున్నే బస్సెక్కాల్సిందే. అందుకే మన దగ్గర కారంటే షోకు ఒక్కటే కాదు. అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే అదొక ధైర్యం.

ఇక కార్ల కథకొద్దాం. లైసెన్సుల రాజ్యంలో దొరికేవి ప్రధానంగా మూడు: అంబాసిడర్, ఫియట్ (తర్వాత పద్మిని అయింది), స్టాండర్డ్. ఎన్ని కార్లు తయారు చేయాలో కూడా ప్రభుత్వమే చెప్పేది. డబ్బు కట్టినా ఏళ్ల తరబడి ఆగాలి. ఆగలేనివాడు చేతులు మారిన కారుకే ఎక్కువ పెట్టి కొనుక్కునేవాడు. అంటే అప్పట్లో దాగి ఉన్న ఖర్చు కొనేముందే పడేది.

1983 డిసెంబర్ 14న మారుతి 800 వచ్చింది. ధర యాభై వేల దరిదాపుల్లో. ముందుగా పదివేలు డిపాజిట్ కట్టి లక్ష మందికి పైగా బుక్ చేసుకున్నారు. కారు చౌకైంది, నిరీక్షణ మాత్రం పోలేదు. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సులు ఎత్తేశాక కంపెనీలు వచ్చాయి, వాటి వెనకాలే బ్యాంకు లోన్లూ వచ్చాయి. క్యూ పోయింది, ఈఎంఐ వచ్చింది. ఖర్చు కొన్న తర్వాతికి జరిగింది.

2008లో టాటా వాళ్లు నానోని లక్ష రూపాయల కారుగా చూపించారు. కానీ ఆ లక్ష మీద పన్నులు, రవాణా, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలిస్తే రోడ్డెక్కేసరికి లెక్క వేరు. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ తీసేశారు. 2017 జూన్ నుంచి ధర రోజూ మారడం మొదలైంది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి తీసుకోవాలన్నారు. 2025 సెప్టెంబర్‌లో చిన్న కార్ల జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. షోరూమ్ ధర దిగింది, నిజమే. మిగతావి దిగాయా?

మార్కాపురం అంటే పలకలు కదా, ఒక పలక తీసుకోండి. ఎనిమిది లక్షల కారు, రెండు లక్షలు చేతి నుంచి, ఆరు లక్షలు లోను, వడ్డీ 9 శాతం అనుకుందాం. ఐదేళ్లకైతే ఈఎంఐ సుమారు 12,450, మొత్తం వడ్డీ 1.47 లక్షలు. ఏడేళ్లకి సాగదీస్తే ఈఎంఐ 9,650కి దిగుతుంది, కానీ వడ్డీ 2.1 లక్షలు దాటుతుంది.

ఇప్పుడు ఎవరూ బిల్లు ఇవ్వని ఖర్చు చూడండి. ఇన్సూరెన్స్ వాళ్ల పట్టిక ప్రకారం ఐదో ఏడు కారు విలువ సగానికి కడతారు. అంటే నాలుగు లక్షలు హుష్‌కాకి! ఐదేళ్ల మీద నెలకి 6,650. వడ్డీ నెలకి 2,450. ఇన్సూరెన్స్, సర్వీసు, టైర్లు కలిపి 3,500 వేసుకోండి. కారు షెడ్డులోనే ఉన్నా నెలకి పన్నెండున్నర వేలు కరిగిపోతున్నట్టే. లైఫ్ ట్యాక్స్ ఇంకా కలపలేదు.

లీటరు 110, మైలేజీ 18 అయితే ఒంగోలు పోయిరావడానికి పెట్రోలు 1,200. మనం అదే ఖర్చనుకుంటాం. నెలకి 800 కిలోమీటర్లు తిప్పేవాడికి ఆ ట్రిప్పు నిజంగా పడేది 4,400. నెలకి ఒక్కసారి మాత్రమే ఒంగోలు పోయేవాడికైతే దాదాపు 13,800!

మన ప్రాంతంలో ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. మిర్చి, పత్తి, కంది డబ్బులు పంటకొకసారి వస్తాయి, అదీ వాన పడితే. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా వస్తుంది. దానికి వానతో పని లేదు.

కారు కొనొద్దని నేను చెప్పట్లేదు. రోజూ తిరిగే పని ఉన్నా, ఇంట్లో పెద్దవాళ్లకి తరచూ ఆసుపత్రి ఉన్నా ఆ డబ్బుకి విలువ ఉంది. షోరూమ్‌కి పోయేముందు మాత్రం “ఈఎంఐ ఎంత?” అని కాదు, “నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాను?” అని మిమ్మల్ని మీరు అడగండి. పంట చేతికి రాని ఏడాది కూడా కట్టగలనా అని ఇంకోసారి అడగండి. రెండిటికీ ధైర్యంగా జవాబు వస్తే తాళాలు తీసుకోండి. లేకపోతే అవసరమైన రోజు కిరాయి కారే చౌక.

మీ కారు కిలోమీటరుకి ఎంత పడుతోందో లెక్కేసి కామెంట్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.