సెల్‌ఫోనులో పాత లయయంత్రము

మృదంగము వాయించువాడు రాని దినమున పాడువానికి కలుగు ఇబ్బందిని సంగీతముతో కొలదిపాటి పరిచయము కలవారందరు ఎరుగుదురు. శ్రుతి పెట్టెలో దొరకును. లయకు మాత్రము మరియొక మనిషి కావలెను. ఆ మనిషి ప్రక్కన లేనపుడు అతని పనిని యంత్రముచేత చేయించవచ్చునా అను ప్రశ్న పాశ్చాత్యదేశములలో తొంబది యేండ్లకు పూర్వమే పుట్టినది. దానికి సమాధానముగా వెలసినవే డ్రమ్ మెషీన్లు. వానిని మనమిక్కడ లయయంత్రములందము.

ఒకప్పుడు బీరువా వంటి పెట్టెలో నుండిన ఈ యంత్రము నేడు చొక్కా జేబులోని సెల్‌ఫోనులో యాప్ రూపమున ఇమిడియున్నది. విశేషమేమనగా, క్రొత్త యాప్‌లు ఏటేట వచ్చుచున్నను, పది పదునైదేండ్ల క్రిందటి పాత యాప్‌లను విడువలేని సంగీతకారులు నేటికిని కలరు. ఇది పాతదానిపై వట్టి మోజా, లేక ఇందులో మనము గ్రహింపదగినది వేరొకటి కలదా? విచారించుటకు ముందు కొంత పూర్వకథ తెలిసికొనవలెను.

1931లో అమెరికాలోని హెన్రీ కవెల్ అను స్వరకర్త మనుష్యుల చేతులు వాయింపలేని చిక్కు లయలను వినగోరెను. ఆయన కోరికపై రష్యాదేశీయుడైన లెవ్ థెరెమిన్ 'రిథ్మికన్' అను యంత్రమును నిర్మించెను. అందు మొదటి మీట నొక్కినచో ఒక దెబ్బ పడుకాలమున రెండవ మీట రెండు దెబ్బలను, మూడవది మూడు దెబ్బలను వేయును. ఇట్లు పదునారు వరకు సాగును. అది వింతగానే మిగిలినది గాని వాడుకలోనికి రాలేదు.

వాడుకకు వచ్చినది 1959లో అమెరికాలోని వుర్లిట్జర్ కంపెనీవారు వెలువరించిన 'సైడ్ మాన్'. అందులో లోహపు ముక్కలు పొదిగిన చక్రమొకటి తిరుగుచుండును. చక్రము తిరిగినకొలది ఆ ముక్కలు తీగలకు తగిలి, వాక్యూమ్ ట్యూబులచేత డ్రమ్ముల ధ్వనులను పుట్టించును. ముందుగా అమర్చిన 12 నడకలలో కావలసినదానిని ఎన్నుకొని, వేగమును మార్చుకొనుటయే వాద్యకారుని పని. తోక్యోలోని షింజుకు ప్రాంతమున త్సుతోము కటో అనునాతడు నడపుచుండిన నైట్‌క్లబ్బులో తదాషి ఒసనాయి అను అకార్డియన్ వాద్యకారుడు ఈ యంత్రమును ప్రక్కవాద్యముగా నుంచుకొని వాయించుచుండెను. దానితో అతనికి తృప్తి కలుగలేదు. ఇంతకంటె మేలైనది తానే చేయగలనని కటోతో చెప్పెను. వారిరువురు 1962లో కంపెనీ పెట్టి, 1963లో 'డోంకామాటిక్' అను యంత్రమును తెచ్చిరి. ఆ కంపెనీయే తరువాత కోర్గ్ అను పేర ప్రసిద్ధి చెందినది.

అదే కాలమున జపానులోనే ఇకుతారో కకెహాషి అను మరియొకరు ఈ పనికి పూనుకొనిరి. ఆయన ఏస్ టోన్ కంపెనీ 1967లో వెలువరించిన 'రిథమ్ ఏస్' ట్రాన్సిస్టర్లతో నడచునది. అందు 16 నడకలుండెడివి. ఐనను, ఇవన్నియు ఇతరులు అమర్చిపెట్టిన నడకలే. వాల్ట్జ్ కావలెనన్న వాల్ట్జ్, టాంగో కావలెనన్న టాంగో. వాద్యకారుడు తన మనస్సులోని నడకను యంత్రమునకు నేర్పుటకు వీలు లేకుండెను. కకెహాషి 1972లో స్థాపించిన రోలాండ్ కంపెనీ 1978లో 'సీఆర్-78' అను యంత్రమున ఆ వీలును కొంతవరకు కల్పించినది. 1980లో వచ్చిన 'టీఆర్-808' దానిని అందరి చేతికిని అందించినది.

ఈ 808 పద్ధతిని తెలిసికొన్నచో నేటి యాప్‌ల మర్మము సగము తెలిసినట్లే. పెట్టె క్రిందిభాగమున 16 మీటలు వరుసగా నుండును. ఒక ఆవర్తమునందు నాలుగు దెబ్బలు, ఒక్కొక్క దెబ్బకు నాలుగు భాగములు, వెరసి 16 గళ్లు. మన పరిభాషలో ఇది చతురశ్రగతి. ఏ ధ్వని ఏ గడిలో పడవలయునో ఆ గడి మీటను నొక్కిన చాలును. 1, 5, 9, 13 గళ్లలో పెద్ద డ్రమ్మును, 5, 13 గళ్లలో స్నేర్ అను చిన్న డ్రమ్మును పెట్టినచో నృత్యగీతములకు సరిపోవు నడక సిద్ధమగును. వెలుగు ఎడమనుండి కుడికి పరుగెత్తుచుండును. గడియొకటి మార్చినచో మరుసటి ఆవర్తమునందే దాని ఫలము వినవచ్చును. కంటితో చూచుట, చేతితో వ్రాయుట, చెవితో వినుట అను మూడు పనులు ఒక్కచోటనే జరుగును.

ఇంతటి సదుపాయమున్నను ఆ కాలమున 808కు ఆదరము కొరవడినది. కారణమేమన, అది నిజమైన డ్రమ్మువలె పలుకదు. దాని ధ్వనులన్నియు విద్యుత్ వలయములలో పుట్టినవి. తాళముల ధ్వనికై ఆరు ఆసిలేటర్ల నాదమును కలిపి వడగట్టిరి. అదే 1980లో అమెరికాలో రోజర్ లిన్ నిర్మించిన 'ఎల్ఎమ్-1' నిజమైన డ్రమ్ముల ధ్వనులను రికార్డు చేసి దాచుకొని పలికించెను. వెల విస్తారమైనను పేరున్న స్టూడియోలు దానివైపే మ్రొగ్గినవి. 808 పెట్టెలు సుమారు 12,000 మాత్రమే తయారై, 1983లో నిలిచిపోయినవి.

అటుపిమ్మట జరిగినదే ఆశ్చర్యకరము. పాతసామానుల అంగళ్లలో చౌకగా దొరకుటచే ఆ పెట్టెలు ధనము లేని యువకుల చేతులలో పడినవి. అప్పటికే 1982లో ఆఫ్రికా బంబాటా 'ప్లానెట్ రాక్'నందును, మార్విన్ గే 'సెక్సువల్ హీలింగ్'నందును దాని పలుకు లోకమునకు వినిపించియుండెను. అదే 1982లో మన బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ అను సినిమా వాద్యకారుడు ఈ 808నే లయకు పెట్టుకొని, పది హిందూస్థానీ రాగములను సింథసైజరుపై వాయించి గ్రామఫోన్ రికార్డు నిచ్చెను. ఆనాడు దానిని పట్టించుకొన్నవారు స్వల్పము. 2010లో మరల వెలువడినపుడు విదేశములలోని సంగీతప్రియులు వెదకి విన్నారు. డ్రమ్మును అనుకరింపలేకపోయినదని త్రోసివేయబడిన యంత్రము తనకంటూ ఒక గొంతు గల వాద్యముగా నిలిచినది. పాత యాప్‌ల విషయమునను ఇదియే పునరావృత్తమైనదని మా అభిప్రాయము.

ఐఫోను 2007లో వచ్చెను. దానికై యాప్‌ల అంగడిని 2008 జూలైలో తెరచిరి. ఆ సంవత్సరమే 'బీట్‌మేకర్' అను యాప్ వచ్చి, ఫోనుతో సంగీతము కూర్చవచ్చునని చూపెను. 2010లో ఐప్యాడ్ వచ్చినపుడు కోర్గ్ కంపెనీ తన 1999 నాటి లయయంత్రమును 'ఐ-ఎలెక్ట్రైబ్' అను పేర గాజుపలకపై పునర్నిర్మించెను. నైట్‌క్లబ్బులోని అకార్డియన్ వాద్యకారుని అసంతృప్తినుండి పుట్టిన కంపెనీ ఏబది యేండ్లు నిండకమునుపే అట్లు జేబులోనికి వచ్చినది. 'ఫంక్‌బాక్స్' అను యాప్ పూర్వపు యంత్రముల ధ్వనులను చేర్చి పెట్టెను. 2011లో 'డీఎమ్1' వచ్చెను.

వీనిని ఆటవస్తువులని తీసివేయుటకు వీలు లేదు. 2010 శరత్కాలమున ఇంగ్లండునకు చెందిన డేమన్ ఆల్బర్న్ తన గొరిల్లాజ్ బృందముతో అమెరికాలో కచేరీలు చేయుచు, ప్రయాణముల నడుమ విరామములలో 'ది ఫాల్' అను ఆల్బమును అధికభాగము ఐప్యాడ్ పైననే కూర్చెను. ఆయన వాడిన యాప్‌ల పట్టికలో ఐ-ఎలెక్ట్రైబ్, ఫంక్‌బాక్స్ రెండును కలవు. బస్సులోను, హోటలు గదిలోను కూర్చుండి పాట కట్టుకొనవచ్చునని ఆ ఆల్బము లోకమునకు నిరూపించినది.

అంతకంటె ఎన్నో రెట్లు శక్తిగల యాప్‌లు నేడు లభించుచుండగా పాతవానినే కోరుటకు మాకు తోచిన కారణములు మూడు.

మొదటిది, పరిమితి. పాత యాప్‌లో ధ్వనులు కొలదిగానే యుండును. వేయి డ్రమ్ముల ధ్వనులున్నచోట వాద్యకారుని సాయంకాలము ఎన్నికలోనే గడచిపోవును; పదియే యున్నచోట పాట కట్టుట తప్ప వేరొక పని యుండదు. రెండవది, ఒక్క తెర. పదునారు గళ్లును, ధ్వనుల మీటలును, వేగమును ఒక్కచూపులో కనబడును. పదిసార్లు వాడినచో చేతికి అలవాటగును. మృదంగముపై వ్రేళ్లు తమ చోటును తాము వెదకికొనునట్లు, కన్ను చూడకయే వ్రేలు గడిని చేరును. వాద్యము వశమగుట యనగా ఇదియే. మాటిమాటికి రూపు మారు యాప్‌తో ఈ అలవాటు కుదురదు. మూడవది, స్వయంపూర్ణత. 2012 చివర 'ఆడియోబస్' వచ్చువరకు ఫోనులోని ఒక యాప్ ధ్వనిని మరియొక యాప్‌లోనికి పంపుటకు సులభమార్గము లేకుండెను. అందుచే ఆ కాలపు యాప్ ప్రతిదియు తనంత తాను సంపూర్ణవాద్యము కావలసివచ్చెను. తెరచిన వెంటనే వాయించుటకు సిద్ధము. మరియొక దానిపై ఆధారపడదు.

పాతవానికి లోపములు లేవని మేము చెప్పుట లేదు. 16 గళ్లకు బిగించిన చట్రము ఖండచాపు, మిశ్రచాపులు వాయింపగోరువారికి ఇరుకు. ఐదు, ఏడు లెక్కలు అందులో ఒదుగవు. ప్రతి వరుసకు వేరువేరు సంఖ్యలో గళ్లు పెట్టుకొను క్రొత్త యాప్‌లు ఈ కొరతను తీర్చినవి. ఇరుకు చట్రము వలన అందరి నడకలును ఒక్కటిగా నుండునను ఆక్షేపణయు పూర్తిగా నిరాధారము కాదు.

కాని అసలు చిక్కు వేరొకటి కలదు. 1980 నాటి 808 పెట్టెలో ఒక ట్రాన్సిస్టరు పోయినచో, తెలిసినవాడు టంకము పెట్టి బాగుచేయగలడు. అట్టి పెట్టెలు నలుబది యేండ్లు దాటియు మ్రోగుచున్నవి. యాప్‌నకు ఆ భాగ్యము లేదు. అది ఫోనును నడపు మూలవ్యవస్థపై ఆధారపడి బ్రదుకును. ఆ వ్యవస్థ మారినచో యాప్ చచ్చిపోవును. 2017 సెప్టెంబరులో వచ్చిన ఐఓఎస్ 11, పూర్వపు 32-బిట్ పద్ధతిలో వ్రాసిన యాప్‌లను నడపుట మానెను. 64-బిట్ పద్ధతికి తిరిగి వ్రాసిన యాప్‌లు నిలిచినవి. వ్రాయువాడు వేరొక పనిలోనికి పోయినచో, లేక ఖర్చు గిట్టదని యెంచినచో, ఆ యాప్ అంతటితో సరి. సొమ్మిచ్చి కొన్నవాని ఫోనులో దాని బొమ్మ యుండును, నొక్కినచో తెరచుకొనదు.

'రీబర్త్' అను యాప్ కథ మరియు విచారకరము. స్వీడనులోని ప్రొపెల్లర్‌హెడ్ కంపెనీ 808ను, దాని తోడి బేస్ యంత్రమును కంప్యూటరులో పునఃసృష్టించి 1990ల ఉత్తరార్ధమున పేరుపొందెను. 2005లో దానిని నిలిపివేసి, 2010లో ఐఫోనుకై మరల తెచ్చెను. 2017లో రోలాండ్ కంపెనీ తన హక్కులనుగూర్చి తెలియజేయగా అమ్మకమును మానివేసెను. హక్కుదారుని న్యాయము హక్కుదారునికి ఉండవచ్చును. ఐనను, అందులో పాటలు కట్టుకొన్న వాద్యకారుని నష్టమును పూరించువారెవరు? అతడు పోగొట్టుకొన్నది వాద్యమును మాత్రమే కాదు. ఆ యాప్ తప్ప వేరొకటి చదువలేని రూపమున దాచిన తన పాటల లెక్కలను కూడ.

కావున పాత యాప్‌ను ప్రేమించుట తప్పు కాదు. అది శాశ్వతమని నమ్ముటయే పొరపాటు. ఈ యాప్‌లను నమ్ముకొన్నవారు కొన్ని పనులు చేయుచున్నారు. పాత ఐప్యాడును అట్లే యుంచి, దాని మూలవ్యవస్థను మార్పక, సంగీతమునకే కేటాయించుకొనుచున్నారు. కట్టిన ప్రతి పాటను, అందలి ఒక్కొక్క ధ్వనిని వేరువేరుగా సామాన్యమైన ఆడియో ఫైలుగా తీసి మరియొకచోట భద్రపరచుచున్నారు. ఇంకొక పని మరింత సులభమైనది. పదునారు గళ్ల నడకను కాగితముపై గీసికొనవచ్చును. వరుసకొక ధ్వని, గడికొక చుక్క, అంతే.

మన లయవిద్య ఇంతకాలము నిలిచినది ఇట్లే. చర్మము పాడైనచో మృదంగమునకు మూత మార్చుదురు. వాద్యమే పోయినచో మరియొకటి కొందురు. జతులు మాత్రము నోటిలెక్కగా గురువునుండి శిష్యునకు సంక్రమించుచునే యున్నవి. రిథ్మికన్ మూలపడినది, సైడ్ మాన్ మూలపడినది, యాప్‌లలో కొన్ని మూలపడినవి. ఈ సాయంకాలము మన యింటి పిల్లవాడు ఫోనుపై కట్టుకొన్న నడక బాగున్నదని తోచినచో, దానిని అతనిచేత ఒక నోటుపుస్తకములో వ్రాయింపుదము. ఆ పుటను చూచి ఏ యంత్రముపైనను, యంత్రము లేకున్న బల్లపైనను, ఆ నడకను మరల వాయింపవచ్చును.