చెట్టుకింద సభ, ఢిల్లీలో మాట

మా గూడేల్లో పంచాయితీ అంటే ఇప్పచెట్టు కింద కూర్చునేదే. పటేల్, పెద్దమనుషులు, ఇంటికొకరు వచ్చి మాట తెగేదాకా కూర్చునేవారు. సర్కారు పంచాయతీ వేరు. అది నాలుగైదు గూడేలను ఒకటిగా కట్టి, ఓట్లు పెట్టి, సర్పంచ్‌ను ఇచ్చింది. రెండింటి పేరూ ఒకలాగే ఉండడంతో బయటివాళ్లకు తేడా తెలియలేదు.

సర్కారు పంచాయతీల తరఫున మాట్లాడడానికి 1958లోనే బల్వంత్‌రాయ్ మెహతా అధ్యక్షుడిగా అఖిల భారత పంచాయత్ పరిషత్ ఏర్పడింది. మా చెట్టుకింది సభకు అలాంటి దిక్కు లేదు.

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చింది. పార్లమెంటు వేరే చట్టం చేస్తే తప్ప అది ఐదవ షెడ్యూల్ ప్రాంతాలకు వర్తించదని అందులోనే రాసి ఉంది. అయినా మన రాష్ట్రం 1994 పంచాయతీరాజ్ చట్టాన్ని ఏజెన్సీలోనూ పెట్టింది. 1995లో హైకోర్టు అది చెల్లదంది. అదే ఏడాది దిలీప్‌సింగ్ భూరియా కమిటీ నివేదిక ఇచ్చింది. నివేదికలు బీరువాలో మూలగడం మనకు కొత్త కాదు. దీన్ని మూలగనివ్వనిది ఆదివాసీ స్వయంపాలన జాతీయ వేదిక. వేర్వేరు రాష్ట్రాల ఆదివాసీ సంఘాలు అందులో కలిశాయి. ఒకప్పుడు బస్తర్ కలెక్టర్‌గా చేసిన బి.డి. శర్మ ఒకవైపు ఆ కమిటీలో సభ్యుడు, మరోవైపు భారత్ జన్ ఆందోళన్‌తో ఊళ్లు తిరిగిన మనిషి. ఊరి మాట ఢిల్లీ భాషలోకి మారింది అలాంటివాళ్ల వల్లే.

1996 డిసెంబర్ 24న పెసా చట్టం వచ్చింది. గూడెం కూడా గ్రామమే అంది. మన ఆచారాన్ని, ఉమ్మడి వనరులను, తగవు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందంది. భూమి తీసుకునే ముందు మాత్రం సభను 'సంప్రదించాలి' అంది. 'ఒప్పించాలి' అనలేదు. ఆ ఒక్క మాట దగ్గర మనం చాలా పోగొట్టుకున్నాం.

రాష్ట్రంలో నియమాలు 2011లో గాని రాలేదు. చట్టం తెచ్చుకోవడానికి దేశమంతా కలిసిన మనం, దాన్ని నడిపించుకోవడానికి అలా కలవలేదని మా అభిప్రాయం.

ఒకసారి మా సభకు తీర్మానం ముందే రాసుకుని తెచ్చారు. వేలిముద్రలు వేయమన్నారు. చదివి వినిపించండి అని మేము అడిగితే, మాస్టారూ మీకెందుకు అన్నారు. ఒక ముసలమ్మ వేలికి సిరా అంటించుకుని, చదివేదాకా వేయనని అలాగే కూర్చుంది. ఆ రోజు పై ఊళ్లో ఎవరిని అడగాలో మాకు తోచలేదు. సర్పంచ్‌లకు సంఘం ఉంది, మా టీచర్లకు నాలుగు సంఘాలు ఉన్నాయి. ఆ ముసలమ్మ కూర్చున్న సభకు ఏ సంఘమూ లేదు.